మా బడి రంపం కథ

ఈ సంచిక చివర మా బడి జమాఖర్చుల పట్టీ ఉంది. అందులో "చెక్క అక్షరాలు – రంపపు మిషను, బ్లేడ్లు" అని ఒక పద్దు చూస్తారు. మామూలుగా జమాఖర్చులు చదివేవాళ్ళు తక్కువ గానీ ఈ పద్దు సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఉగాది నాడు భోజనాల వరుసలో నిలబడి కూడా "ఆ మిషను కాల్చేశారటగా?" అని అడిగినవాళ్ళున్నారు. కాలిన మాట నిజమే. ఎవరు కాల్చారన్న దగ్గరే తిరకాసు. అప్పట్లో ఒక మనిషి పేరు అందరి నోళ్ళలోనూ నలిగింది. దాన్ని సరిచెయ్యడానికి లెక్కల పట్టీలో చోటు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

ముందు అక్షరాల సంగతి. 2023 వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన వారమే, చిన్నపిల్లల తరగతి చూసే టీచరుగారు ఒక మాట అన్నారు. పిల్లలు "అ" చూస్తే గుర్తుపడుతున్నారు, పలుకుతున్నారు, రాయమంటే మాత్రం చెయ్యి ఎటు తిప్పాలో తెలియడం లేదు అని. మనకి చిన్నప్పుడు పళ్ళెంలో బియ్యం పోసి వేలు పట్టించి దిద్దించారు. ఇక్కడి పిల్లలు ఐప్యాడు అద్దం మీద దిద్దుతున్నారు. అద్దం నున్నగా జారిపోతుంది, వేలికి ఏమీ తెలియదు. ఇసక పోసి రాయిద్దామంటే ఖతార్‌లో ఇసకకి కరువు లేదు గానీ, మనకి శనివారాలు గదులు అద్దెకిచ్చిన స్కూలువాళ్ళ తివాచీల మీద ఇసక పోస్తే మన బడికి అదే ఆఖరి శనివారం అవుతుంది. అలా పుట్టింది చెక్క అక్షరాల ఆలోచన. అరచేతిలో ఇమిడేంత, వేలితో తడిమితే ఒంపు తెలిసేంత అక్షరాలు.

ఇంగ్లీషు అక్షరాలు ఏ బొమ్మల కొట్టుకి వెళ్ళినా దొరుకుతాయి. అరబ్బీవి కూడా ఉన్నాయి. తెలుగువి దోహాలో ఎంత తిరిగినా కనపడలేదు. సరే, మనమే చేసుకుందాం అన్నాం. అన్నవాళ్ళం ముగ్గురం. ముగ్గురం నలభై దాటినవాళ్ళం, ముగ్గురం ఊళ్ళో ఇంజనీరింగు చదివి ఇక్కడ కంప్యూటరు ముందు కూర్చుని బతుకుతున్నవాళ్ళం. చెక్కపనిలో మా అనుభవమంతా మొదటి సంవత్సరం వర్క్‌షాపులో చేసిన ఒక హాఫ్ ల్యాప్ జాయింటు. అదైనా మా అటెండరుగారు చివర్లో జాలిపడి చిత్రికపట్టి సరిచేస్తేనే మార్కులు పడ్డాయి.

అందుకే పనిమంతుణ్ణి వెతికాం. తల్లిదండ్రుల్లో ఒకాయన ఇండస్ట్రియల్ ఏరియాలో ఫర్నిచరు తయారుచేసే కంపెనీలో ఉన్న ఒక వడ్రంగిని పరిచయం చేశారు. ఆయనది నిర్మల్ దగ్గర పల్లె. యాభై దాటాయి. దోహాకి వచ్చి పదకొండేళ్ళు. పేరు రాయొద్దన్నారు కాబట్టి మేం పిలిచినట్టే "అన్న" అని రాస్తాం. శుక్రవారం ఒక్కటే ఆయనకి సెలవు. బట్టలు ఉతుక్కోవాలన్నా, ఇంటికి ఫోను చెయ్యాలన్నా, నిద్రపోవాలన్నా ఆ ఒక్క రోజే. ఆ రోజు మాకిచ్చారు. డబ్బులివ్వబోతే "పిల్లల అచ్చరాలకు పైసలు తీసుకుంటరా సార్" అన్నారు.

నిర్మల్ మనిషి గనక బొమ్మల మాట తప్పకుండా వచ్చేది. వాళ్ళ వైపు పొనికి కర్రతో బొమ్మలు చేస్తారు. మన కొండపల్లిలోనూ తెల్లపొణికే. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఏటికొప్పాక వాళ్ళది అంకుడు కర్ర, లక్క రంగులు. ఆ రంగులు చెట్ల గింజల నుంచి, వేళ్ళ నుంచి తీసే పద్ధతి నిలబెట్టినందుకు అక్కడి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ మాట్లాడుకుని, మేం మాత్రం బిర్చి ప్లైవుడ్డు కొన్నాం. కారణం తలకట్టు. మామూలు చెక్కలో అక్షరం కోస్తే పోగు ఒకవైపే ఉంటుంది, పోగుకి అడ్డంగా వచ్చిన సన్నటి తలకట్టు పిల్లాడు నేలకేసి కొట్టగానే పుటుక్కుమంటుంది. ప్లైవుడ్డులో ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం, కాబట్టి విరగదు. ఇది చెప్పింది కూడా అన్నే. మేం ఫాంటు ఏది బాగుంటుందా అని రెండు వారాలు వాదించుకున్నాం.

ఇంకో వాదన అక్షరాలు ఎన్ని అని. యాభై ఆరా, యాభై రెండా? ఌ, ౡ చెయ్యాలా వద్దా? "ఎవలన్న రాస్తరా సార్ ఇవి?" అని అన్న అడిగితే ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. టీచరుగారు మాత్రం పట్టుబట్టారు. వర్ణమాలలో ఉన్నాక ఉండాల్సిందే అన్నారు. అన్న నవ్వి ఊరుకున్నారు.

నాలుగు సెట్లు, సెట్టుకి యాభై ఆరు. చేత్తో కోస్తే ఏడాది పడుతుంది. చిన్న బ్యాండ్‌సా ఒకటి కొందామన్నాం. పైనొక చక్రం, కిందొక చక్రం, వాటి చుట్టూ నాడాలాగా తిరిగే పళ్ళ బ్లేడు. మధ్యలో బల్ల మీద చెక్క పెట్టి తిప్పుతూ కోస్తాం. ముప్పై ఏడు కుటుంబాలు తలా 50 రియాళ్ళు వేశాయి, 1,850 అయింది. మిషను ధర సరిగ్గా దానికే కుదిరింది. అక్టోబరు మొదట్లో కొని, మాలో ఒకరి ఇంటి వెనక రేకుల షెడ్డులో దించాం. ఏడాది వారంటీ, కార్డు మీద ముద్ర, రసీదు అన్నీ భద్రంగా ఫైలులో పెట్టాం. కాగితాల విషయంలో మాత్రం మేం గట్టివాళ్ళం.

కొత్త మిషను అంటే ప్లగ్గు పెట్టి పని మొదలెట్టడమే అనుకున్నాం. కాదని మొదటి శుక్రవారమే తెలిసింది. బల్లకి పూసిన గ్రీజు కిరసనాయిలుతో తుడవడానికే గంట పట్టింది. బల్ల బిగించే బోల్టుల్లో ఒకటి లేదు. పై చక్రం కాస్త వాలి ఉంది, స్విచ్ వెయ్యగానే బ్లేడు ముందుకి జరిగి మూతకి రాసుకుంది. అన్న స్విచ్ కట్టేసి, ప్లగ్గు కూడా పీకేసి, చక్రం వాలు సరిచేసే మరని ఇటు పావు చుట్టు, అటు అర చుట్టు తిప్పుతూ, చేత్తో చక్రం తిప్పి చూస్తూ, బ్లేడుని నట్టనడుమకి తెచ్చారు. ఆ మర మీద కంపెనీవాళ్ళు వేసిన ఎర్రరంగు చుక్క ఆ తిప్పుడుకి పగిలింది. అది మాకెవ్వరికీ అప్పుడు పట్టలేదు. ఈ చుక్కని గుర్తుపెట్టుకోండి.

మిషను మొదలైంది. అన్న చెవి ఒగ్గి విన్నారు.

"సార్, ఇది జర మూలుగుతుంది. మా కంపెనీల మిషను గిట్ల మూలగది. తిరుగుడు గూడ తక్వనే ఉన్నది."

"కొత్తది కదా అన్నా, తిరగ్గా తిరగ్గా సర్దుకుంటుంది లెండి" అన్నాం. చెప్పుల గురించి చెప్పే మాట మోటారుకి చెప్పాం. ఇంజనీర్లం!

ఆ శుక్రవారం "అ" నుంచి "ఎ" దాకా అయ్యాయి. బయటి ఒంపు మిషను మీద, లోపలి సున్నా బెజ్జం వేసి సన్న రంపంతో చేత్తో. పిల్లల్ని షెడ్డులోకి రానివ్వలేదు. వాళ్ళకి బయట వరండాలో ఉప్పుకాగితం ఇచ్చి అంచులు రుద్దించాం. మూడు ముక్కలు రుద్దితే ఒక సమోసా. వారం తిరిగేసరికి ఇనప బల్ల మీద గాలిలో తేమకి పసుపుపచ్చ తుప్పు. అన్న కొవ్వొత్తి రుద్ది దానికీ మందు చూపించారు. రెండో శుక్రవారం మిషను పావుగంటకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. కాసేపు ఆపడం, కాసేపు నడపడం. మూడో శుక్రవారం "ఘ" మధ్యలో ఉండగా ఠప్పుమని చప్పుడై తెల్లటి పొగ లేచింది. కాలిన వార్నిష్ వాసన. అన్న ఒక్క అంగలో ప్లగ్గు పీకేశారు. మోటారు పక్కనున్న డబ్బాలో కెపాసిటరు, అదే మన ఊళ్ళో మెకానిక్కులు కండెన్సరు అంటారే, అది పొట్ట పగిలి ఉంది.

వారంటీ ఉంది కదా అని ధీమాగా వెళ్ళాం. కౌంటరులో కుర్రాడు మర్యాదగానే మిషను దింపించుకున్నాడు. పది రోజుల తర్వాత ఒక కాగితం వచ్చింది. సారాంశం ఏమిటంటే, చక్రం మర ముద్ర పగిలి ఉంది, అనుమతి లేని వ్యక్తి విప్పాడు, శక్తికి మించి చెక్క తోశారు, కాబట్టి వారంటీ వర్తించదు. బాగుచెయ్యాలంటే 650 రియాళ్ళు.

"అనుమతి లేని వ్యక్తి" అనే మూడు మాటలు ఆ రాత్రి మన వాట్సాప్ గ్రూపులోకి వచ్చాయి. కాగితం ఫోటో పెట్టింది మేమే. లెక్క చెప్పాలి కదా, అందరి డబ్బూను. ఒకరు "అయ్యో" అన్నారు. ఇంకొకరు "ప్రొఫెషనల్స్‌ని పిలవాల్సింది" అన్నారు. మరొకరు "లేబరు చేతికి కొత్త మిషను ఇస్తే ఇంతే" అని రాశారు. దాని కింద రెండు బొటనవేళ్ళు లేచాయి. మేం ముగ్గురమూ చదివాం. ఎవరమూ ఏమీ రాయలేదు. ఆయన మనకి ఊరికే చేసిపెడుతున్నాడండీ అన్న ఒక్క వాక్యం రాయడానికి ఎంతసేపు పడుతుంది? రాయలేదు.

రాయకపోవడానికి కారణం ఒకటే, మాకూ లోపల అనుమానం ఉంది. తర్వాతి శుక్రవారం అన్న వచ్చినప్పుడు కాగితం చూపించి అడిగాం. "అన్నా, నువ్వేమైనా గట్టిగా తోశావా?" అని. అంతకుముందు వరకూ "మీరు" అనేవాళ్ళం. ఆ రోజు "నువ్వు" ఎలా వచ్చిందో మాకే తెలియదు. ఆయనకి మాత్రం వినపడింది. "లేదు సార్" అన్నారు. టీ తాగకుండా వెళ్ళిపోయారు.

ఆ పై శుక్రవారం రాలేదు. దాని తర్వాతది కూడా రాలేదు. మాకు పరిచయం చేసిన పెద్దమనిషి ఒక కవరు తెచ్చి ఇచ్చారు. లోపల 300 రియాళ్ళు. "మిగిలింది వచ్చే నెల జీతం పడ్డంక ఇస్తనని చెప్పమన్నాడు" అన్నారు. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకి 1,000 రియాళ్ళు, వసతీ తిండీ కంపెనీ ఇవ్వకపోతే ఆ పైన 800. అన్న జీతం దానికి పెద్ద దూరంలో ఏమీ లేదు. ఆ కవరు మాలో ఒకరి ఇంట్లో ఫ్రిజ్ మీద చాలా రోజులు ఉంది. ఎవరమూ ముట్టుకోలేదు.

మిషను తిరిగొచ్చి షెడ్డులో పడి ఉంది. ఆఫీసులో ఏదైనా ప్రోగ్రాము ఆగిపోతే మేం మొదట చూసేది లాగు. ఎవడు రాశాడు, ఎవడు మార్చాడు అన్నది తర్వాత. ఇక్కడ మాత్రం ఎవడు ముట్టుకున్నాడన్న దగ్గరే ఆగిపోయాం. డిసెంబరులో ఒక రాత్రి మాలో ఒకరు అడిగారు. "అసలు కెపాసిటరు ఎందుకు పేలుతుంది? అక్షరం కోసే అర అంగుళం ప్లైవుడ్డుకి లోడేంటి?" నిజమే. చక్రం మర తిప్పితే బ్లేడు జరుగుతుంది గానీ కెపాసిటరుకేమవుతుంది? ఇరవయ్యేళ్ళ క్రితం ఎలక్ట్రికల్ మిషన్స్ ల్యాబులో రికార్డులు ఒకరిది ఒకరం చూసి రాసుకున్న పాపం అప్పుడు కళ్ళముందు తిరిగింది.

టార్చి, చిన్న అద్దం పట్టుకుని షెడ్డుకి వెళ్ళాం. మిషను ఒంటి మీద అతికించిన పలక మీద 50 హెర్ట్జ్ అనే ఉంది. పెట్టె మీదా అంతే. మిషనుని పక్కకి వాల్చి, మోటారు కింది వైపు అద్దం పెట్టి చూస్తే అక్కడ ఇంకో పలక. గ్రీజు తుడిస్తే అంకెలు తేలాయి. 220 వోల్టులు, 60 హెర్ట్జ్, నిమిషానికి 1720 చుట్లు. అద్దంలో అంకెలు తిరగబడి కనపడతాయి కదా, 60ని మూడుసార్లు చదువుకున్నాం.

ఖతార్ కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజి కాస్త ఎక్కువ, ఫ్రీక్వెన్సీ తక్కువ. ఇందులో ఏముంది అనిపిస్తుంది. మన ఊళ్ళలో లో వోల్టేజికి బోరు మోటార్లు కాలిపోయి వైండింగు షాపుల ముందు వరసలు కట్టడం చూసి పెరిగినవాళ్ళం కాబట్టి, వోల్టేజి ఉంటే చాలు మోటారు క్షేమం అనుకుంటాం. కాదు. మోటారులో ఇనుముని ఒక బిందె అనుకోండి. కరెంటు ఒక దిక్కుకి పారినంతసేపూ కుళాయి తిప్పినట్టు అయస్కాంతం నిండుతుంది, దిక్కు మారగానే ఖాళీ అవుతుంది. 60 హెర్ట్జ్‌లో ఒక్కో దిక్కు సెకనులో 120వ వంతు, అంటే 8.3 మిల్లీసెకన్లు. 50లో 10 మిల్లీసెకన్లు. ఇప్పుడు కుళాయి ఒత్తిడి పెరిగింది, తిప్పి ఉంచే సేపూ పెరిగింది, బిందె మాత్రం అదే. 220ని 60తో భాగించండి, 240ని 50తో భాగించండి. రెండో అంకె మొదటిదానికన్నా దాదాపు 31 శాతం పెద్దది. బిందె నిండాక ఇనుము ఇంక పట్టదు. అప్పుడు కరెంటు ఉత్తపుణ్యానికి కొన్ని రెట్లు లాగుతుంది. అదంతా వేడి, మూలుగు. చెక్క ముట్టించకపోయినా వేడెక్కుతుంది. కెపాసిటరు మీదా దాని లెక్కకు మించిన వోల్టేజి పడుతుంది. తిరిగే వేగం ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది కాబట్టి 1720 తిరగాల్సింది 1430 దగ్గర తిరుగుతుంది.

మూలుగుతుంది, తిరుగుడు తక్వ. అన్న మొదటి రోజు చెవితో చెప్పింది ఇదే. మేం అద్దం పెట్టి, లెక్క కట్టి, రెండు నెలలకి అక్కడికే వచ్చాం.

ఈ 60 ఎక్కడిది అంటే, ఆరు గల్ఫ్ దేశాల్లో సౌదీ ఒక్కటే 60 హెర్ట్జ్, మిగతా ఐదూ 50. ఈ దేశాల కరెంటు లైన్లన్నీ కలిపే గ్రిడ్డులో సౌదీని నేరుగా తగిలించడం కుదరదు. అందుకే అక్కడ అల్ ఫాధిలి దగ్గర 2009 నుంచి ఒక పెద్ద కేంద్రం 50ని డీసీ చేసి, మళ్ళీ 60 చేసి పంపుతోంది, 1,800 మెగావాట్ల దాకా. దేశాలకి అంత ఏర్పాటు కావాల్సి వస్తే మన రేకుల షెడ్డు ఏపాటిది? అమెరికా చుట్టాలు తెచ్చిన మిక్సీ హైదరాబాదులో తగిలించి పొగ పెట్టించిన ఇళ్ళు మనలోనే ఎన్నో ఉన్నాయి. అక్కడైతే 110 అని వోల్టేజి దగ్గరే దొరికిపోతుంది. ఇక్కడ 220 అని రాసి ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు, కొట్టువాళ్ళతో సహా.

పలక ఫోటో, పెట్టె ఫోటో, రసీదు, లెక్క, అన్నీ కలిపి ఉత్తరం రాశాం. అరబ్బీలో కూడా ఉంటే మంచిదని ఆఫీసులో సూడానీ మిత్రుడు కూర్చుని రాసిపెట్టాడు. 2008 నాటి 8వ నంబరు వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువు అమ్మితే మార్చివ్వడమో డబ్బు తిరిగివ్వడమో చెయ్యాలని ఒక వాక్యం చేర్చాం. మంత్రిత్వ శాఖకి ఫిర్యాదు చెయ్యాలంటే 16001కి ఫోను చేస్తే చాలు. చెయ్యాల్సిన అవసరం రాలేదు.

ఈసారి కౌంటరు దాటి మేనేజరు గదికి వెళ్ళాం. ఆయన మొదట "గల్ఫ్ అంతా 220 కదండీ" అన్నాడు. పలక ఫోటో చూశాడు. మమ్మల్ని కూర్చోబెట్టి గోడౌనుకి వెళ్ళాడు. అరగంట తర్వాత చేతులకి గ్రీజుతో వచ్చాడు. అదే లాటులో మిగిలిన రెండు మిషన్ల కింద కూడా 60 ఉంది. ఆ లాటులో కెపాసిటర్లు పోయి తిరిగొచ్చినవి అంతకుముందే మూడు ఉన్నాయట, మూడింటికీ "ఎక్కువ లోడు" అని రాసి పంపారట. ఫ్యాక్టరీలో సౌదీకి పోవాల్సిన మిషన్లకి ఇక్కడి పలకలు అతికించారు. ఆ మూడు మిషన్లు కొన్న వడ్రంగులెవరో, వాళ్ళ దగ్గర పనివాళ్ళకి ఎన్ని రియాళ్ళు జీతంలో కోత పడిందో అని దారిపొడుగునా అదే మాట్లాడుకున్నాం.

కొట్టువాళ్ళు మొదట కెపాసిటరు మార్చి ఇస్తామన్నారు. మార్చినా మూడు శుక్రవారాలే అన్నాం. మోటారే మార్చాలని పట్టుబట్టాం. అయిదు వారాలకి 50 హెర్ట్జ్ మోటారు వచ్చింది. బిగించి ఇచ్చారు, కాగితం మీద "తయారీ లోపం" అని రాసి ముద్ర వేసి ఇచ్చారు. ఆ కాగితం కావాలని ప్రత్యేకంగా అడిగి తీసుకున్నాం.

ఆ కాగితమూ, ఫ్రిజ్ మీది కవరూ పట్టుకుని ఇండస్ట్రియల్ ఏరియాకి వెళ్ళాం. అన్న ఉండే గదిలో ఆరు మంచాలు, రెండంతస్తులవి. ఆయనది కింది మంచం. మా ముగ్గురికీ కూర్చోవడానికి చోటు చేశారు, చాయ్ తెప్పించారు. కాగితం చదివి వినిపించాం. తప్పు మాదే అన్నాం, "మీరు" అనే అన్నాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"మిషనుకేమైందో నాకు ఎర్కనే సార్. మిషను పోతే ఇంకోటి వస్తది. మీరందరు గా దినం నా దిక్కు సూసిండ్రు సూడుండ్రి, గదే యాదికొస్తుండె."

దానికి మా దగ్గర కాగితం ఏమీ లేదు. కవరు ఇచ్చాం. ఆయన విప్పి నోట్లు లెక్కపెట్టారు. "యాబై ఎక్కువున్నయి సార్" అని ఒక నోటు తీసి మా చేతిలో పెట్టారు. ఇంతకాలం రానూపోనూ టాక్సీలు ఆయనే పెట్టుకున్నారు కదా అని మేం కలిపిన యాభై అది.

మర్నాడు గ్రూపులో "తయారీ లోపం" కాగితం పెట్టాం. ఈసారి కింద నాలుగు వాక్యాలు రాశాం. అంతకుముందు ఆ మాట రాసిన పెద్దమనిషి మాకు విడిగా ఫోను చేసి, అన్న నంబరు అడిగి తీసుకున్నారు. ఏం మాట్లాడారో మేం అడగలేదు.

అన్న రెండు శుక్రవారాల తర్వాత వచ్చారు. స్విచ్ వేశాం. చెవి ఒగ్గారు.

"మూలుగు పోయింది సార్. గానీ తిరుగుడు ఇంక తక్వనే ఉన్నది."

ఈసారి సర్దుకుంటుంది అనలేదు. లెక్క కట్టాం. కొత్త మోటారు 1440 తిరుగుతుంది. కానీ దానికి బిగించిన పుల్లీ పాతదే, 1720 తిరిగే మోటారు కోసం చేసిన 60 మిల్లీమీటర్ల పుల్లీ. బ్లేడు వేగం సరిపోవాలంటే 72 మిల్లీమీటర్లది కావాలి. మళ్ళీ కొట్టు, మళ్ళీ కాగితం. మేనేజరు మమ్మల్ని చూడగానే లేచి నిలబడి "ఇప్పుడేంటి?" అన్నాడు. చెప్పాం. "ఇది ఎవరు కనిపెట్టారు?" అని అడిగాడు. "అనుమతి లేని వ్యక్తి" అన్నాం. నవ్వాడు పాపం. పుల్లీ, దానికి సరిపడే బెల్టు నాలుగు రోజుల్లో ఇచ్చి పంపాడు.

క్రోధి ఉగాది 2024 ఏప్రిల్ 9న వచ్చింది. ఆ వారమే రంజాన్ పండగ కూడా కావడంతో మన వేడుక కాస్త వెనక్కి జరిగింది, అది మాకు కలిసొచ్చింది. రెండు సెట్లు పూర్తయ్యాయి, మిగతా రెండూ ఎండాకాలం లోపు అయ్యాయి. ఒత్తులు ఇంకా కొయ్యాలి. వేడుక రోజు ఒక పాప "ణ" చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసి, ఇది ఏ వైపు తల అని అడిగింది. టీచరుగారు ఆ పాప వేలు పట్టుకుని అంచు వెంబడి నడిపించారు. అన్న వెనక వరసలో కూర్చున్నారు, వేదిక మీదికి రమ్మంటే రాలేదు.

ఋ, ౠ మాత్రం మొదటి రెండు సెట్లలో చేత్తో కోసినవే. పావు అంగుళం బ్లేడు అంత ఇరుకు ఒంపులో తిరగదు, బలవంతంగా తిప్పితే తెగుతుంది. ఒక సూత్ బ్లేడు కావాలని అన్న చెబితే తెప్పించాం. పద్దులో "బ్లేడ్లు" అని ఉన్నది దాని గురించే. ఌ, ౡ కూడా దాంతోనే కోశారు, టీచరుగారి మాట ప్రకారం. నాలుగు సెట్లలోనూ ఆ రెండక్షరాల అంచులే అన్నిటికన్నా నున్నగా ఉన్నాయి.